కండక్టరత్త ఆపిల్ జామ్

మా మేనత్త చేసింది తిని "బాగుంది" అన్నవాళ్లను ఆవిడ క్షమించిన పాపాన పోలేదు. తిట్టాలి. నోరారా తిట్టాలి. "ఇదేం జామ్ అత్తా, బూటు పాలిష్‌లా ఉంది" అంటే ఆవిడ మొహం చేటంత అయ్యేది. పొరపాటున "చాలా బాగుంది" అన్నామా, కళ్లు చిట్లించి, "ఏదీ, ఇంకో చెంచా తిని చెప్పు" అనేది. ఇంకో చెంచా అంటే మాటలా? మొదటి చెంచాకే నాలుక ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయేది.

ఆవిడ సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. అందుకే చుట్టాల దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ కండక్టరత్తే. గొంతు మాత్రం రిటైర్ కాలేదు. మెట్ల మీద నిలబడి "ముందుకు జరగాలి!" అని ఒక్క కేక వేసిందంటే, మేడ పిట్టగోడ మీది పావురాలన్నీ వరసగా తలో అడుగు ముందుకు జరిగేవి. నేను కళ్లారా చూశాను. చివరి పావురం జరగడానికి చోటులేక కింద పడబోయింది కూడా. నమ్మనివాళ్లు ఆ పావురాన్నే అడగొచ్చు.

ఆ మేడ మీది గదిలోనే నా కాపురం. చదువు సగంలో వదిలేసి తిరుగుతున్న మేనల్లుడికి ఆ గది ఇప్పించింది అత్తే. ఆ పుణ్యానికి, ఆవిడ ఏం చేసినా మొదటి బలి నేనే.

మా బిల్డింగులో ఒక అలవాటు ఉండేది. ఆకులు రాలే కాలం వచ్చి, తోపుడు బళ్ల మీద ఆపిల్ పళ్లు గుట్టలుగా కనబడగానే, ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి చేసి, సీసాలకెత్తి, డబ్బాలకెత్తి, ఒకరి గుమ్మానికొకరు తీసుకెళ్లేవారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎందుకు మొదలుపెట్టారో మాత్రం ఆ రోజుల్లో మా బిల్డింగును చూసినవాడికి చెప్పక్కర్లేదు. పొద్దున పట్టిన ముసురు సాయంత్రానికి కూడా వదలదు. గోడలకు చెమట. మెట్ల మీది బల్బు వెలుగుతోందో ఆరిపోయిందో దగ్గరికెళ్లి చూస్తేగానీ తెలియదు. తడి ఆకులు చెప్పులకు అంటుకుని ఇళ్లలోకి వచ్చి, మంచాల కింద కుళ్లిపోయేవి. అలాంటి రోజున ఎవరైనా తలుపు తట్టి వెచ్చటి సీసా చేతిలో పెడితే ప్రాణం లేచొచ్చేది.

తట్టింది మా అత్త అయితే, లేచొచ్చిన ప్రాణం మళ్లీ పడుకునేది.

ఒక ఏడాది ఆవిడ అల్లం బిస్కెట్లు పంచింది. ఒకటి నా చేతిలోంచి జారిపడి మెట్టు అంచు పగిలింది. ఇప్పటికీ కొత్తవాళ్లు అక్కడికి రాగానే తూలుతారు. మరో ఏడాది ఆవిడ జామ్ సీసాకు మూత తీసి పెడితే చీమలు బారుగా వచ్చాయి. సీసా చుట్టూ తిరిగి చూశాయి. తమలో తాము ఏదో అనుకున్నాయి. వచ్చిన దారినే తలలు వంచుకుని వెళ్లిపోయాయి.

మొదటి అంతస్తులోకి ఒక డెంటిస్టుగారు కొత్తగా దిగాడు. మహా మర్యాదస్తుడు. అత్త ఇచ్చిన బిస్కెట్టు కొరికి, కళ్లనీళ్లు దిగమింగుకుని, "అద్భుతమండీ" అన్నాడు. పాపం, తెలియదు.

మర్నాడు అత్త ఇంకో డబ్బాతో హాజరు. "ఎలా ఉన్నాయి?"

"చాలా బాగున్నాయండీ."

ఆ మర్నాడు ఇంకా పెద్ద డబ్బా. "మొహమాటం లేకుండా చెప్పండి."

"అమోఘం."

అలా కొన్నాళ్లు సాగింది. చివరికి ఒక సాయంత్రం డెంటిస్టుగారు పెట్టిన కేక మేడ మీద నాకు వినబడింది. "అమ్మా! ఇవి బిస్కెట్లు కావమ్మా, పెంకులు! ఊరందరికీ పళ్లు కట్టేవాణ్ని, నాకే పన్ను కదిలింది!"

"హమ్మయ్య" అంటూ అత్త ఆయన గుమ్మంలోనే చతికిలబడింది. "ఇంకా ఏమిటో చెప్పండి."

ఇంకా చాలానే ఉన్నాయి. ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చుని, ఈ ఊరు తనకు పడలేదన్నాడు. క్లినిక్కుకు మనుషులు రావడం లేదన్నాడు. ఈ చెమ్మకు భార్య దగ్గుతోందన్నాడు. రాత్రిళ్లు నిద్ర లేదన్నాడు. అత్త ప్రతిదానికీ "ఊఁ, ఊఁ" అంటూ కూర్చుంది. నేను పైనుంచి తొంగి చూసి, ఇది కూడా ఆవిడ చాదస్తంలో ఒక భాగమే అనుకుని నవ్వుకున్నాను.

ఆ తర్వాతి ఏడాది, ఎండాకాలం చివర్లో, కింద షాపు వెనకే కాపురముండే టైలరుగారి భార్య చనిపోయింది. ఆవిడ ఆపిల్ జామ్ గురించి అతిశయోక్తి చెప్పడం నావల్ల కూడా కాదు. ఆ సీసాను కిటికీలో పెట్టుకున్న ఇంట్లో ఆ పూట లైటు వేసేవారు కాదు. అంతకంటే తగ్గించి చెప్పలేను.

ఆవిడ పోయిన రోజు నుంచి టైలరుగారు నోరు విప్పలేదు. తలుపు తడితే తీసేవాడు. ఇచ్చింది అందుకునేవాడు. తల ఊపి తలుపు వేసుకునేవాడు. మిషను మీద దుప్పటి కప్పేశాడు. బొమ్మకు తొడిగిన సగం కోటు గుండుసూదులతో అలాగే ఉండిపోయింది. చూసి చూసి, కుట్టడానికి ఇచ్చినవాళ్లు తమ గుడ్డలు తాము తీసుకెళ్లిపోయారు. ఆకులు రాలడం మొదలయ్యాక ఇళ్లవాళ్లు తెచ్చిన సీసాలూ డబ్బాలూ ఆయన కత్తిరింపు బల్ల మీద మూత తీయకుండా బారులు తీరాయి. తన కొలతకు తనే కుట్టుకున్న చొక్కాలో ఇప్పుడు ఇంకో మనిషికి చోటుంది.

డెంటిస్టుగారి భార్య ఆపిల్ కేకు చేసి, రిబ్బను కట్టి తీసుకెళ్లింది. "మీరేం మాట్లాడక్కర్లేదండీ, ఒక్క ముక్క తినండి చాలు" అంది మెల్లగా. ఆయన మొదటి సగమే విన్నాడు. మాట్లాడలేదు. తినలేదు కూడా.

డెంటిస్టుగారు నన్ను మెట్ల మీద ఆపి, "నేను పళ్ల డాక్టర్నే అనుకో, అయినా చెబుతున్నానోయ్. ఆయన తినట్లేదు. ఇలాగే ఉంటే ఈ చలికాలం గట్టెక్కడు" అన్నాడు.

ఆ మాట తీసుకెళ్లి అత్త చెవిన వేశాను. ఆవిడ ఆపిల్ పళ్లు కోస్తోంది. కత్తి ఆగింది.

"ఒక్క మాటా అనలేదా? కేకు బాగాలేదని కూడా?"

"ఆ కేకు నిజంగానే బాగుందత్తా."

"అదే వచ్చిన చిక్కు" అని మళ్లీ కొయ్యసాగింది.

ఆ రోజు జామ్ ఉడికిన వాసన మెట్ల మీదుగా కిందికి దిగి, వీధి దాటి వెళ్లింది. ఎదుటి షాపువాడు ఎక్కడో గొడవల్లో టైర్లు తగలబెడుతున్నారనుకుని షట్టరు దించేసుకున్నాడు. అత్త సీసా నింపి, కొంగుతో తుడిచి, నాకు చెంచా ఇచ్చింది.

"పద, టైలరు దగ్గరికి."

"అత్తా, నీకు దణ్ణం పెడతాను. బిల్డింగంతా పంచు. నాకు రెండు సీసాలివ్వు, నీ ఎదురుగా నిలబడి తింటాను. ఆయన జోలికి మాత్రం పోకు."

"ఏం?"

"బతికున్న మాకే కష్టంగా ఉంది. ఆయన అసలే..."

"ఆయన బతికే ఉన్నాడుగా? నడు."

టైలరుగారు తలుపు తీశాడు. లోపల చీకటి. చెమ్మ వాసన, గుడ్డల వాసన. సీసా అందుకోవడానికి అలవాటుగా చెయ్యి చాపాడు. అత్త వదల్లేదు.

"టైలరుగారూ, ఆపిల్ జామ్. అచ్చం మీ ఆవిడ చేసినట్టే చేశాను. ఆవిడే పక్కన నిలబడి చేయించినట్టు కుదిరింది."

అప్పటిదాకా బిల్డింగులో ఎవరూ ఆ ఇంట్లో ఆవిడ ఊసెత్తలేదు. అత్త మూత తీసి, నా చేతిలోంచి చెంచా లాక్కుని, నిండుగా ముంచి ఆయన ముందు పెట్టింది. "ఇక్కడే. ఇప్పుడే."

కాదనాలన్నా నోరు విప్పాలి. ఆ బాధ పడలేక నోట్లో పెట్టుకున్నాడు.

బయట వాన చప్పుడు. ఆయన దవడ ఒకసారి కదిలి ఆగింది. మళ్లీ కదిలింది. చెంప ఎర్రబడింది. నేను వెనక్కి ఒక అడుగు వేశాను.

"అబద్ధం" అన్నాడు. గొంతు తుప్పుపట్టిన కత్తెరలా కిర్రుమంది.

"ఏది అబద్ధం?" అంది అత్త.

"ఇది... ఇది ఆవిడ చేసినట్టుందా?"

"అచ్చం."

"అచ్చమా! కాలరు ఉండాల్సిన చోట జేబు కుట్టి, దాన్ని ఇస్త్రీపెట్టెతో కాల్చినట్టుంది! అడుగంతా మాడింది. ఈ మిరియాలేమిటి? జామ్‌లో మిరియాలేమిటి కండక్టరమ్మా? మతి ఉండే చేశారా?"

"ఉండే చేశాను. మీ ఆవిడ కూడా వేసేది."

"వేసేది కాదు! పెళ్లయిన నాటి నుంచీ తిన్నవాణ్ని, మీరు నాకు చెబుతారా?"

"తినడం ఎవరికైనా వచ్చు. ఎలా చేసేదో చెప్పండి చూద్దాం."

"తొక్కలూ గింజలూ పారేసేది కాదు! పల్చటి గుడ్డ సంచిలో కట్టి గిన్నెలో వేలాడదీసేది. దానివల్లే జామ్ గట్టిపడేది. మీరు పారేశారు కదూ? ఈ పులుసు చూస్తేనే తెలుస్తోంది. ఆ సంచి కుట్టిచ్చింది ఎవరనుకున్నారు? నేను!"

"ఏదీ, ఆ సంచి ఇలా ఇవ్వండి."

టైలరుగారు టక్కున ఆగిపోయాడు. చాలాసేపు చేతిలో చెంచా వైపే చూశాడు.

"చిరిగిపోయింది" అన్నాడు. "కొత్తది కుట్టిపెట్టమంది. ఆపిల్స్ రావడానికి ఇంకా టైముంది కదా, కుడదాంలే అన్నాను."

వాన కొంచెం పెద్దదైంది.

ఆయన వెళ్లి మిషను మీది దుప్పటి లాగేశాడు. దుమ్ము లేచింది. అరలు వెతికి పల్చటి గుడ్డ ముక్క ఒకటి తీశాడు. కూర్చుని, సూదిలో దారం ఎక్కించబోయి, తల తిప్పకుండానే గసిరాడు. "అలా గుమ్మానికి అడ్డంగా నిలబడితే నాకు వెలుతురెలా? పక్కకి జరగండి!"

మా అత్తను జరగమన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆవిడ బుద్ధిగా జరిగింది.

మిషను రెండుసార్లు మొరాయించి మూడోసారి అందుకుంది. ఆ చప్పుడులో నేను అత్త చెవి దగ్గరికి వంగాను. "కావాలనే మాడ్చావా?"

ఆవిడ నన్ను కొట్టినంత పనిచేసింది. "నోర్ముయ్! పొద్దుట్నుంచీ నడుం పడిపోయేలా కలిపాను. అబద్ధం ఒక్కటే కావాలని చెప్పాను."

"ఆయన చెయ్యి చేసుకునుంటే?"

"ఇంకా మంచిది." ఆవిడ గొంతు తగ్గించింది. అంటే, రెండో అంతస్తు దాకా మాత్రమే వినబడేలా మాట్లాడింది. "ఒరేయ్, చిల్లర లేదని, సీటు లేదని, బస్సు లేటని ఎంతమంది నా మీద పడ్డారో లెక్కలేదు. వాళ్లంతా దిగాల్సిన చోట దిగారు. ఇచ్చిన టికెట్టు బుద్ధిగా పుచ్చుకుని, థాంక్స్ చెప్పి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాడే స్టాపు దాటిపోయేవాడు. బస్సు డిపోకి చేరాక చూస్తే వెనక సీట్లో ఒక్కడే ఉండేవాడు. అలాంటివాళ్లని చాలామందిని లేపాను. మంచి కేకు ఇస్తే మనిషి థాంక్స్ చెప్పి తలుపేసుకుంటాడు. ఆ తర్వాత లోపల ఏమైపోయినా మనకి తెలియదు."

నేను "అయితే ఇన్నేళ్లూ మేం తిట్టిన తిట్లన్నీ నువ్వు కావాలని..." అన్నాను.

"మీరు తిట్టింది నా వంట బాగోలేక. దానికీ దీనికీ ముడిపెట్టకు" అంది.

ఆ వారమంతా అత్త వంటింట్లో యుద్ధమే. టైలరుగారికి తెలిసిందల్లా సంచి ఒక్కటే. మిగతాదంతా తెలుసనుకున్నాడు. నిమ్మరసం ముందు పిండాలని ఆయన, చివర పిండాలని ఈవిడ. ఉడికింది ఉడికినట్టు రుచి చూడక తప్పదు కాబట్టి ఆయన కడుపులోకి కొంత ఆపిల్ వెళ్లింది. పోల్చి చూసుకోవాలని బల్ల మీది సీసాలన్నిటికీ మూతలు తీశాడు. రిబ్బను విప్పి, గట్టిపడిపోయిన కేకు కూడా కొరికి, "దీనికంటే మనదే నయం" అన్నాడట.

ముసురు మాత్రం వదల్లేదు. మేడ మీద నీళ్లు మడమల దాకా నిలిచిన ఒక సాయంత్రం నా గది తలుపు దబదబా మోగింది. తీస్తే, ఒకే గొడుగు కింద ఇద్దరూ. టైలరుగారి చేతిలో సీసా.

"నిజం చెప్పు" అంది అత్త, తిట్టు కోసం చెవి రిక్కించి.

"ఆలోచించుకుని మరీ చెప్పు" అన్నాడు టైలరుగారు. "నిన్న నువ్వు కుట్టమని ఇచ్చిన ప్యాంటు నా దగ్గరే ఉంది. ఒక కాలు పొట్టి చెయ్యడం నాకు క్షణం పని."

బాగుందంటే అత్త ఊరుకోదు. బాగాలేదంటే ఈయన ఊరుకోడు. మాట దాటెయ్యడానికి నాకు తోచిన ఉపాయం ఒక్కటే. పట్టినంత జామ్ నోట్లో కుక్కుకుని నములుతూ నిలబడ్డాను.

"వాడి మొహం చూడండి, ఎలా పెట్టాడో. బాగాలేదు" అంది అత్త ఆశగా.

"ఆ మొహం వాడికి పుట్టుకతో వచ్చింది. దానికీ జామ్‌కీ సంబంధం లేదు" అన్నాడాయన. "నిమ్మరసం నేను చెప్పినప్పుడు పిండి ఉంటేనా..."

"మీరు చెప్పేదాకా ఆగితే ఆపిల్స్ మళ్లీ చెట్టెక్కేవి!"

"మీరు కలిపిన తీరుకి చెట్టు కూడా దడుచుకునేది!"

నా జవాబు సంగతి మరిచిపోయి ఇద్దరూ పోట్లాడుకుంటూ చీకటి మెట్లు దిగారు. మొదటి అంతస్తులో డెంటిస్టుగారి తలుపు ధనామని మూసుకోవడం, గడియ పడటం వినబడ్డాయి. ఆ వెంటనే దబదబా తలుపు బాదుతున్న చప్పుడు. వానను మించి, మా అత్త గొంతును కూడా మించి, టైలరుగారి కేక పైకి వచ్చింది.

"లోపలున్నారని తెలుసండీ! తలుపు తీయండి! తీసేదాకా కదిలేది లేదు!"