అనిల్ ఫొటోకు ముందు హెచ్చరిక

నాందేడ్‌లో నేను పనిచేసే నీటి పరీక్షల ల్యాబులో అమ్మోనియా సీసా మూత తీసినప్పుడల్లా నా కుడిచెయ్యి దానంతటదే లేచి, ఆ వాసనను మెల్లగా నా వైపు విసురుతుంది. ఆ కదలిక మా విమలాబాయిది. ఆమె మా ఊరు ఉమ్రి బడిలో మాకు సైన్సు చెప్పేవారు. పంతులమ్మలను అక్కడ మరాఠీ అలవాటు ప్రకారం ‘బాయీ’ అని పిలిచేవాళ్లం. తెలుగిళ్ల పిల్లలతో ఆమె తెలుగే మాట్లాడేవారు. “ఇది ఘాటుంటది. ముక్కు దగ్గర పెట్టకు, చేతితోని ఇట్ల విసురుకో” అని ముందే చెప్పి, వాసన చూసేదాకా పక్కనే నిలబడేవారు. ఉప్పునీళ్ల సీసాకు ఏ జాగ్రత్తా చెప్పేవారు కాదు. “దీనికేం చెప్పరా బాయీ?” అని మా తరగతి గంగాధర్ ఆటపట్టిస్తే, “ఉప్పుకు గూడ భయపడితే ఇంట్ల పప్పెట్ల తింటవ్‌రా?” అన్నారు.

పెద్దయ్యాక ఆ గంగాధరే మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు నడిపాడు. బాయి కూడా అందులో ఉండేవారు. ఎవరో పెట్టిన ప్రమాదం వీడియో చూసి, అంతకుముందే తమ్ముణ్ణి పోగొట్టుకున్న మా స్నేహితురాలు తల్లడిల్లిపోయింది. అప్పుడతడు ఒక నియమం పెట్టాడు: అలాంటివాటికి ముందు ‘మనసు కలత పెట్టే విషయం’ అని రాయాలి. అది న్యాయమైన నియమమనే ఇప్పటికీ నా అభిప్రాయం. కాని కొన్నాళ్లకు వానకు తడిసిన పత్తికీ, పరీక్ష తప్పిన మేనల్లుడికీ, చివరికి మటన్ కూర ఫొటోకూ అదే మాట తగిలించడం మొదలైంది. ఆ మాట కనబడగానే కింద ఏముందో చూడకుండా వేలితో పైకి తోసేయడం అందరికీ అలవాటైంది.

బాయి కొడుకు అనిల్ దెగ్లూర్ రోడ్డు మీద బండి ప్రమాదంలో పోయాడు. సంవత్సరీకం నాడు ఆమె అతడి ఫొటో పెట్టారు: చేతిలో మాడిన జొన్నరొట్టె, ముఖం నిండా నవ్వు.

“బాయీ, పైన హెచ్చరిక రాసి మళ్ల పెట్టుండ్రి. ఎవరికన్న తక్లీఫ్ అయితది” అని గంగాధర్ మర్యాదగానే అడిగాడు.

“నా కొడుకు నవ్వుతుండు గదరా. గిందుల భయపడేదేముంది?” అని ఆమె రాశారు. అయినా అతడి మాట మన్నించి, ఫొటో తీసేసి, హెచ్చరికతోనే మళ్లీ పెట్టారు. దాని కింద ఒక్కరూ ఒక్క మాటా రాయలేదు. ఆ తరువాత బాయి గ్రూపులో ఏమీ పెట్టలేదు.

ఫొటో పెట్టిన ఆ వారమే, ఆదివారం నాడు ఉమ్రిలో ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె చాయ్ పెట్టి ఎదురుగా కూర్చున్నారు. ఫొటోలో కనబడిందే అడిగాను: “అనిల్ ఎందుకట్ల నవ్వుతుండు బాయీ?”

ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది. “మొదటిసారి వాడే చేసిండు. మాడబెట్టి, నన్ను తినుమంటుండు!” అని పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చింది. నేను లేవబోతున్నాననుకున్నారేమో, నా చెయ్యి పట్టుకున్నారు. “ఏడుస్త బిడ్డా, ఏడ్వనీ. నువ్వు లేచిపోకు. వాని పేరు ఎత్తెటోళ్లే లేరిప్పుడు.”

పోయిన చలికాలం బాయి కూడా పోయారు. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదని నేర్పింది ఆమే. కాబట్టి హెచ్చరికలన్నీ దండగ అనే మాట నేననను. నేను చూసింది ఇంతే: బాయి ముందుగా చెప్పింది మేం ఆ ఘాటు దగ్గరికి రావడానికే; మా గ్రూపులో ముందుగా రాసిన మాట ఆమె దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. ఇప్పుడు ఎవరింట్లోనైనా చావు జరిగితే వెళ్లి, పోయినవాళ్ల పేరు పలికి, వాళ్ల గురించి ఏదో ఒకటి అడుగుతాను. అడిగి, అక్కడే కూర్చుంటాను.