పావెల్ కోసం మందంగా పోసిన ఐసు

2023 ఆగస్టులో ఒక శుక్రవారం లాగ్‌బుక్‌లో 'ఐసు నార్మల్' అని రాసి సంతకం పెట్టాను. అది నిజం కాదు. నన్నెవరూ అడగలేదు. నేను రాయకపోతే ఆ రోజు జరిగింది ఇంకెక్కడా ఉండదు కాబట్టి రాస్తున్నాను.

దోహాలోని ఒక మాల్‌లో స్కేట్లు కట్టుకుని ఆడే ఐస్ రింక్ ఉంది. అక్కడ నేను ఐస్ టెక్నీషియన్‌ని. బయట నలభై ఐదు డిగ్రీల ఎండ కాస్తుంటే లోపల ఐసును గట్టిగా, నున్నగా ఉంచడం నా పని. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో పదో తరగతి తప్పి, ఏసీ మెకానిక్‌కి హెల్పర్‌గా ఇక్కడికొచ్చాను. మిగతాదంతా లైబ్రరీ పెట్టిన భిక్ష. సెలవు రోజున అబూ హమూర్ పేటలోని మా రూము నుంచి బస్సెక్కి వెళ్ళి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, రిఫ్రిజిరేషన్ మీద మూడు లావుపాటి పుస్తకాలు పూర్తి చేశాను.

ఐసు కింద కాంక్రీటులో పైపులుంటాయి. వాటిలో బ్రైన్, అంటే గడ్డకట్టని ఉప్పునీరు, తిరుగుతుంటుంది. చల్లదనం కిందినుంచే రావాలి. అందుకే ఐసు అంగుళం, మహా అయితే అంగుళంబావు ఉండాలి. అంతకు మించితే ఐసే దుప్పటిలా అడ్డుపడి పైభాగం మెత్తబడుతుంది. ఐసు గీకి నీళ్ళు పరిచే బండి నడిపే లక్ష్మీరాజానికి ఈ పాఠం చెప్పింది నేనే. అతనిది నిర్మల్ వైపు.

పావెల్ మా రింక్‌లో ఐస్ హాకీ కోచ్. చెక్ దేశంలో పదకొండేళ్ళు ప్రొఫెషనల్ గోలీగా, అంటే గోల్‌కీపర్‌గా, బతికినవాడు. పక్ అనే రబ్బరు బిళ్ళ గుండులా దూసుకొస్తుంటే గోలీ రెండు మోకాళ్ళ మీద దబ్బున కూలబడి అడ్డుకోవాలి. అలా కూలబడీ కూలబడీ ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ శుక్రవారం మా రింక్‌లో ఉద్యోగస్తుల జట్ల మధ్య మ్యాచ్, ఒక జట్టుకు ఆయనే గోలీ. ఆ మ్యాచ్ తర్వాత ఇక ఆడొద్దని డాక్టర్ చెప్పేశాడు.

ముందురోజు మధ్యాహ్నం నాతో అన్నాడు. "మా దేశంలో నా ఆఖరి మ్యాచ్ బెంచీ మీదే అయిపోయింది. అదే ఆఖరిదని తెలియదు. మరుసటేడు ఎవరూ పిలవలేదు. ఈసారి తెలుసు కదా. ఆఖరి సైరన్ గోల్‌లో నిలబడి వినాలి."

ఇద్దరిదీ అరకొర ఇంగ్లీషే. చెబుతున్నంతసేపూ ఆయన ఖాళీ గోల్ వైపే చూశాడు.

చుట్టానికి ఇంకో గరిటె నెయ్యి వడ్డించినట్టు, మూడు పీరియడ్ల ఆటలో ఆయన మొదటి, మూడో పీరియడ్లలో కాపాడే గోల్ ముందు ఆ సాయంత్రం గొట్టంతో మూడు పొరల నీళ్ళు ఎక్కువ పోశాను. చదివిందేదీ గుర్తుకు రాలేదు.

శుక్రవారం మ్యాచ్ రెండో పీరియడ్‌లో జట్లు వైపులు మారాయి. పావెల్ అటు వెళ్ళాడు. ఇటు వచ్చిన ఎదుటి జట్టు గోలీ రెండుసార్లు తడబడ్డాడు. విరామంలో బండితో ఒక చుట్టు తిరిగొచ్చి లక్ష్మీరాజం అడిగాడు.

"అన్నా, ఆడ మెత్తగున్నది. గన్ని నీళ్ళు ఎవలు పోసిండ్రు?"

"నేనే."

"నువ్వేనా! మందమైతె మెత్తవడ్తదని నాకు సదువు చెప్పినోడివి నువ్వే గదనే? గా బుక్కులన్ని ఏడవెట్టినవే?"

వెటకారం ఆడుతూనే గోల్ ముందు ఇంకో రెండుసార్లు గీకాడు. చాలలేదు. నేను పావెల్ దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన హెల్మెట్ తీసి మోకాలు నిమురుకున్నాడు.

"కాసేపు ఆగి మొదలుపెడితే?"

"తర్వాత బర్త్‌డే పార్టీ బుకింగ్ ఉంది. మేనేజర్ ఒప్పుకోడు."

"అయితే ఎంతసేపు నిలుస్తుంది?"

పీరియడ్ పదిహేను నిమిషాలు. "ఎనిమిది. తర్వాత స్కేటు దిగబడొచ్చు. దిగబడితే మోకాలు మెలిపడుతుంది."

"ఐసు నీది," అన్నాడు. "మాటా నీదే."

మూడో పీరియడ్ మొదటి ఎనిమిది నిమిషాల్లో ఆయన నాలుగుసార్లు కూలబడ్డాడు, నాలుగుసార్లు లేచాడు. ఒక్క గోల్ పోనివ్వలేదు. ఎనిమిది నిమిషాలు దాటగానే, ఆట ఆగినప్పుడు నా వైపు చూశాడు. వచ్చేయమని తల ఊపాను. ఊపకుండా ఉండాల్సిందా అని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన మెల్లగా బెంచీకి వచ్చేశాడు. బదులు గోలీ ఎలీ లోపలికెళ్ళాడు. లెబనాన్ అకౌంటెంట్, సన్నటి మనిషి.

మిగిలిన ఏడు నిమిషాలు నేను ఆట చూడలేదు. ఎలీ కాళ్ళకింద ఐసే చూశాను. అది నిలిచింది. సైరన్ మోగింది.

"నిలిచింది పావెల్. నేను తప్పు చెప్పాను."

"ఎలీ పిల్లి. నేను ఏనుగుని. నా కింద నిలిచేది కాదులే," అని నవ్వాడు. చూపు మాత్రం గోల్ మీదే ఉంది.

నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమే అన్నాడో తెలియదు. ఎవరి మీదైనా అభిమానం పుట్టినప్పుడు ఇప్పుడు ముందు డ్రిల్లు తీసి, ఐసుకు బెజ్జం వేసి మందం కొలుస్తాను. చదివింది నా చేతుల్లోకి దిగడానికి ఇంకో మనిషి ఆశ ఖర్చయింది.

పుస్తకాలు వెతకడం నేర్పిన లైబ్రరీ షీబా మేడమ్‌కి, తిడుతూనే గీకిన లక్ష్మీరాజానికి, భయపడకుండా నిలబడ్డ ఎలీకి కృతజ్ఞతలు. ఇంకో ఏడు నిమిషాలు నిలబడగలిగేవాడేమో, అయినా నా మాట మీద గోల్ వదిలి వచ్చిన పావెల్‌కి కూడా.