ముక్కు మాస్టారి ఆఖరి బాణలి

జలుబు పొడి తయారుచేసే ఆ కొట్టులో ముప్పై ఏళ్లుగా బాణలి దగ్గర నిలబడ్డ మనిషిని అందరూ ముక్కు మాస్టారు అనేవారు. శొంఠి, మిరియాలు, లవంగాలు వేగడం మొదలవగానే ఆయన కళ్లు మూసుకునేవాడు. గడియారం వంక చూడటం ఆయన దృష్టిలో వృత్తిద్రోహం. వాసన తేలగానే "దించండి" అనేవాడు. ఆ మాటకు అక్కడ అప్పీలు లేదు.

ఆ వానాకాలం ఆయనకే జలుబు చేసింది. తన పొడినే వేడినీళ్లలో కలుపుకొని మూడు పూటలా తాగాడు. జలుబు మర్యాదగానే వెళ్లింది. పోతూ పోతూ వాసనను కూడా వెంటబెట్టుకుపోయింది.

ఈ సంగతి భార్యకొక్కదానికే తెలుసు. ఆవిడ అదే గదిలో ఓ మూల పొట్లాలు కట్టేది. ముక్కు పనిచేయని మనిషిని బాణలి దగ్గర ఎవరుంచుతారు? అందుకని ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. దినుసులు వేగగానే ఆవిడ గొంతు సవరించుకుంటుంది. ఆయన కళ్లు తెరవకుండా, సాటిలేని గాంభీర్యంతో "దించండి" అంటాడు. మూడు నెలలు ఆ కొట్టు పరువు ఆవిడ గొంతు మీదే నడిచింది. మాస్టారి ముక్కు ముదిరేకొద్దీ పదునెక్కుతోందని యజమాని మెచ్చుకున్నాడు కూడా.

ఇంట్లో ఆవిడ రోజూ లవంగం నలిపి ఆయన ముక్కు దగ్గర పెట్టేది. తెలుస్తోందనేవాడు. ఆయనకు తెలిసేదల్లా కళ్లలో మంట.

చివరికి ఆవిడకూ జలుబు చేసింది. జలుబు చేసిన మనిషి ఊరికూరికే గొంతు సవరించుకుంటుందన్న చిన్న విషయం ఒప్పందంలో లేదు. ఆవేళ మాస్టారు రెండుసార్లు పచ్చివాటినే దించమన్నాడు. పనివాళ్లు మొహమొహాలు చూసుకుని మళ్లీ పొయ్యెక్కించారు. మూడోసారి ఆయన ఎన్ని సవరింపులు వినబడ్డా పెదవి విప్పలేదు. ఆవిడకూ ముక్కు దిబ్బడే. పొగ చూసి యజమాని వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎలా ఉంది మాస్టారూ, వాసన?"

"ఇంకొక్క నిమిషం ఆగాలండీ," అన్నాడాయన కళ్లు మూసుకునే.

మర్నాటి నుంచి ఆయనకు డబ్బాలకు కాగితాలంటించే పని ఇచ్చారు. ఆవిడ ముక్కు వారంలో తెరుచుకుంది. ఓ సాయంత్రం ఇంటికి నడుస్తూ అడిగాడు.

"కొత్తవాడు ఎలా వేయిస్తున్నాడే?"

"మాడుస్తున్నాడండీ, రోజూ."

ఆయన తృప్తిగా తల పంకించాడు. వేగిన మిరియాల కమ్మటి వాసన వీధి చివరిదాకా ఆవిడ వెంట వచ్చింది.