జొన్నల మూటల శాప గుడ్లు

ఇచ్చోడ అంగడిల ఎండు శాపల వాసన తగిలితే ఇప్పటికీ నాకు నవ్వొస్తది.

చిన్నప్పుడు ఒకనాడు అవ్వ సముద్రపు ఎండు శాపలు కడుగుతుంటే, ఒకదాని కడుపుల కొర్రల లెక్క పచ్చటి గుడ్లు కనిపించినయ్. "గివి శాపల విత్తనాలు బిడ్డా," అన్నది.

విత్తే ముందు బాపు గుప్పెడు జొన్నలు తడిబట్టల మూటగట్టి, మొలుస్తయా లేదా అని చూసేటోడు. నేను ఆ మూట విప్పి, గుడ్లు కూడ అండ్ల కలిపి మళ్ల కట్టిన. ఇగ మా పిల్లి ఆ మూట కాడి నుంచి కదల్లే. మూడోనాడు బాపు మూట విప్పి ముక్కు మూసుకున్నడు.

"గిదేంది బిడ్డా?"

"శాపలు మొలుస్తయేమో చూస్తున్న బాపూ."

అవ్వ కడుపు పట్టుకొని నవ్వింది. బాపు నవ్వలే. "జొన్నలైతే మొలిచినయ్. శాపలకు జర టైమ్ పడ్తది," అన్నడు.

ఆడశాప నీళ్లల్ల విడిచిన గుడ్లకు మగశాప బీజం తాకితేనే పిల్లలైతయని, ఉప్పువెట్టి ఎండవెట్టినంక ఆ గుడ్లల్ల పానం ఉండదని తర్వాత బడిల తెలిసింది. కానీ ఆ ఏడు జొన్నచేను మోకాలెత్తు పెరిగినంక బాపు నన్ను గట్టు మీద నిలవెట్టి, "నీ శాపలు సూడు," అన్నడు. చేను నిండ పచ్చటి ఆకులు, ఎండకు మెరుసుకుంట, గాలికి అన్నీ ఒకటే దిక్కు ఈదుతున్నయ్.