మైకు దించిన పాస్టరమ్మ

మంగళవారం ఉదయం ఏడు గంటలకు ఫోన్ వచ్చింది. చేసింది ముత్తుకూరు అవతల ఉన్న ఒక చిన్న చర్చి సంఘం పెద్ద. "అబ్బయ్యా, పాస్టరమ్మ ప్రభువు నందు నిద్రించింది," అన్నాడు.

విలేకరిగా చావు కబుర్లు ఫోన్‌లో తీసుకోవడం నాకు పాత పనే. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని అడగాలి. అడిగాను. తెల్లారి లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టారట. వాకిట్లో కుర్చీలో కూర్చున్నారట. గిన్నెలో నీళ్లన్నీ ఇగిరిపోయి మాడు వాసన వస్తే పక్కింటి కోడలు వచ్చి చూసింది. అప్పటికే మనిషి లేరు. వయసు డెబ్బై దాటింది. జబ్బేమీ లేదు. ముందు రోజు సాయంత్రం కూడా గొడుగు పట్టుకుని రోడ్డు దాటి పాళెంలోకి పోయి వచ్చారట.

ఈ చివరి వివరం సంఘ పెద్ద నేను అడక్కుండానే చెప్పాడు. ఎందుకు చెప్పాడో నాకు తెలుసు.

ఆ రోడ్డుకు పడమట కాలనీ. సంఘంలో ఇరవై రెండు ఇళ్లు. రొయ్యల గుంటల్లో, పోర్టులో, వరి కోతల్లో పనిచేసే కుటుంబాలు. రోడ్డుకు తూర్పున చేపల వేట మీద బతికే పెద్ద పాళెం. వాళ్ల దేవుళ్లు వేరు, జాతర్లు వేరు. రోడ్డు పక్కన రేకుల కప్పుతో చర్చి, కప్పు మీద పాళెం వైపు తిరిగిన మైకు. పాస్టరమ్మ భర్త, అక్కడి పాస్టరు గారు, నడివయసులోనే పోయారు. ఆ తర్వాత కొత్త పాస్టరు వచ్చేవారు, రెండేళ్లుండి బదిలీ మీద వెళ్లిపోయేవారు. ఆమె మాత్రం అక్కడే ఉండిపోయారు. అందరికీ ఆమె పాస్టరమ్మే. కాలనీ వాళ్లు ఎదురుగా మాట్లాడేటప్పుడు అమ్మగారూ అనేవారు.

ఉప్పెక్కిన బోరు నీళ్ల మీద వార్త రాయడానికి మొదటిసారి అక్కడికి పోయాను. ఆమె నా పేరు అడగలేదు, ఏ పేపరో అడగలేదు. "ఈ పొద్దు మీ ఇంట్లో ఏం కూర?" అని అడిగారు. విచిత్రంగా అనిపించింది. తర్వాత చూస్తే ఆమె ఎవరినైనా మొదట అడిగేది అదే. కాలనీలో, పాళెంలో, బస్సు కోసం నిలబడ్డ చోట కూడా. చేతిలో గొడుగు, భుజానికి గుడ్డ సంచి, సంచిలో పుండ్లు కడిగే మందు సీసా, కట్టు గుడ్డ, అర్జీలు రాయడానికి పెన్ను. ఒక్కో గడప ముందు ఒక్క నిమిషం ఆగి, ఏం కూర అని అడిగి, జవాబు విని, ముందుకు పోయేవారు.

చాలా రోజుల తర్వాత ఆమెనే అడిగాను, ఎందుకలా అడుగుతారని.

"పొయ్యి ఎలిగిందా అని అడిగితే ఎవురు చెప్తారు నాయనా? ఏం కూరంటే చెప్తారు. చప్పున చెప్పినారా, ఇంట్లో ఉండాది. ఏదో ఒకటిలే అమ్మా అన్నారా, ఏమీ లేదు."

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా ఆరాధనకు తెస్తుంది. పాస్టరమ్మ ఇల్లు గడిచేది ఆ బియ్యంతోనే. భర్త పోయాక, తన ఒక్క కడుపుకు అన్ని పిడికిళ్లు ఎందుకని ఆమె చాలాసార్లు అన్నారు. ఎవరూ మానలేదు.

ఒక ఏడాది ఎండాకాలంలో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ప్రతి సంఘమూ తన ఉద్దేశం ఏమిటో, చుట్టుపక్కల వాళ్లకు ఏం చేయదలచుకుందో ఒక పేజీ రాసి పంపాలి. ఆరాధన అయ్యాక చాపల మీద అట్లాగే కూర్చుని మాట్లాడుకున్నారు. వేట నిషేధం మీద వార్త కోసం వచ్చిన నేను గుమ్మం దగ్గర ఉన్నాను.

"రేకులు పెరికి స్లాబేద్దాం," అన్నాడొకాయన.

"అదేం ఉద్దేశం మామా? నీ నెత్తిన కారతా ఉండాదని జెప్పు," అంది వెనకనుంచి ఒకామె. నవ్వారు.

"మూడు దినాలు మహాసభలు పెడదాం. పెద్ద మైకు తెప్పిద్దాం."

"ఉండే మైకుకే పాళెంలో పసిబిడ్డలు నిద్దరపోటం లేదంట."

పాస్టరమ్మ అంతా విని, "ఈ పొద్దు పాళెంలో ఎన్ని ఇళ్లల్లో పొయ్యి రాజుకోలా?" అని అడిగారు.

వేటకు సముద్రం మూసిన రెండు నెలల్లో అది రెండో నెల. ఒక కోడలుపిల్ల, "మనకెట్ట తెలస్తాది అమ్మగారూ?" అంది.

"అదే రాయి," అన్నారామె.

పేజీలో ఒకటే వాక్యం రాశారు. "రోడ్డుకు అవతల పొయ్యి వెలిగిందో లేదో తెలుసుకొని ఉండుట." ఆఫీసు వాళ్లు మరీ చిన్నదిగా ఉంది, పెంచి పంపమన్నారు. పెద్దలు ఇంకో నాలుగు మాటలు చేర్చబోతే, మిగతా పేజీ పని చేసినాక నింపుదామని ఆమె ఆపేశారు.

ఆ శనివారమే పిడికిటి బియ్యం, దానికి తోడు ఇంటింటికీ తిరిగి పోగుచేసింది కలిపి సంచులు కట్టారు. పాళెంలో బాగా ఇబ్బందిగా ఉన్న ఇళ్లు ఆమెకు తెలుసు. వేరే కులం, వేరే మతం, తీసుకుంటారో లేదో అని కాలనీ భయపడింది. ఆమె స్వయంగా తీసుకెళ్లి ఇస్తే ప్రతి ఇల్లూ తీసుకుంది. మొదటి సంచి తీసుకున్నది నెత్తిన గంపతో చేపలమ్మే ఒకావిడ. ఆమెదీ పాస్టరమ్మదీ ఒకే ఈడు, పాత స్నేహం. ఒకరినొకరు మేయ్ అని పిలుచుకునేంత స్నేహం.

తప్పు మరుసటి రోజు జరిగింది. ఆ తప్పు ఆ సంఘం వాళ్లు తప్ప మరొకరు చేయరు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు పేర్లతో చదువుతారు. ఫలానా వాళ్లకు జ్వరం, ఫలానా వాళ్ల బిడ్డకు పరీక్ష, ప్రార్థించండి అని. పేరు వినబడిందంటే సంఘమంతా నిన్ను తలుచుకున్నట్టు. పేరు వదిలేస్తే అలిగే వాళ్లు కూడా ఉన్నారు. ఆ రోజు పాస్టరమ్మ మైకు ముందు నిలబడి, ఎంతో ప్రేమగా, పాళెంలో బియ్యం తీసుకున్న ఇళ్ల పేర్లన్నీ వరసగా చదివి, "ఈ ఇళ్లల్లో కరువు తీరాలని ప్రార్థించండి," అన్నారు. లోపల ఉన్న ఏ ఒక్కరికీ అందులో తప్పు తోచలేదు. నాకూ తోచలేదు. నేను ఆ పేర్లు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. సోమవారం జిల్లా ఎడిషన్‌లో నాలుగు పేర్లతో, మొదటి సంచి తీసుకున్న ఆవిడ ఫొటోతో ఐటం వచ్చింది.

మైకు మోగిన సమయానికి ఆ చేపలమ్మే ఆవిడ ఇంట్లో ఆమె కొడుకుకు సంబంధం మాట్లాడటానికి ఆడపిల్ల తరపు వాళ్లు కూర్చుని ఉన్నారు. మైకులో మొదట వచ్చింది ఆమె పేరే. వచ్చిన వాళ్లు కాఫీ గ్లాసులు కింద పెట్టి లేచిపోయారు.

సోమవారం మధ్యాహ్నానికి బియ్యం సంచులన్నీ చర్చి వసారాలో వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కటి కూడా తగ్గలేదు. వండుకున్న వాళ్లు అప్పటికప్పుడు అంగట్లో కొని నింపి మరీ తెచ్చారు. పాళెం పెద్దకాపు, అంటే అక్కడి కట్టుబాట్లు చూసే పెద్ద, దురాయి వేశాడు. దురాయి అంటే ఊరి ఆన. చర్చి గడప ఎవరూ తొక్కకూడదు, పాస్టరమ్మ పాళెంలో అడుగు పెట్టకూడదు.

పట్నంలో దీనికి అందరూ కులం కారణమన్నారు. నేనూ అట్లాగే రాయబోయాను. ఎందుకైనా మంచిదని పెద్దకాపును కలిసి, కాలనీ బియ్యమనా తిప్పి పంపారు అని అడిగాను.

"కాలనీ బియ్యం మేం తినలేదా? ఆమె చేత్తో ఇస్తే తీసుకోలేదా? మాకు గొంతు దిగంది మైకు బియ్యం. నువ్వు జేసినపని జూస్తే పేపరు బియ్యం కూడా," అన్నాడు. నేను ఆ వార్త రాయలేదు.

కాలనీలో కోపం వచ్చింది. మన బియ్యం మన మొహాన కొట్టారన్నారు. పాస్టరమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ మరుసటి ఆదివారం మైకు ముందుకు వచ్చారు. సంఘ పెద్ద భయపడి, వద్దమ్మగారూ అన్నాడు. మైకులో చేసింది మైకులోనే ఒప్పుకోవాలి అన్నారామె. ఆమె ఆ రోజు చదివింది ఒకటే పేరు, తనది. భర్త పోయినప్పటి నుంచి తన ఇంటి పొయ్యి పక్కిళ్ల పిడికిటి బియ్యంతో వెలుగుతోందని, ఆ సంగతి ఎవరూ ఏనాడూ మైకులో చెప్పలేదని, అయినా తాను మాత్రం ఇంకొకరి సంగతి చెప్పానని, తప్పు చేశానని అన్నారు. పాళెంలో రోడ్డు వారగా ఉన్న వాళ్లు వలలు బాగుచేసుకోవడం ఆపి విన్నారు. ఆరాధన అయ్యాక నిచ్చెన వేయించి, కప్పు మీది మైకు దించి మూట కట్టించారు. ఈనాటికీ దాన్ని మళ్లీ ఎక్కించలేదు.

దురాయి ఏడాది పైన ఉంది. ఆ ఏడాదంతా ఆమె రోజూ పొద్దున్నే రోడ్డు దాకా వచ్చి, ఇవతలి అంచున నిలబడేవారు. దాటేవారు కాదు. గంపలతో బస్సుకు పోయే ఆడవాళ్లను ఏం కూర అని అడిగేవారు. కొందరు తలదించుకుని పోయేవారు. కొందరు నవ్వు ఆపుకునేవారు. ఒకరోజు ఆ స్నేహితురాలే ఆగకుండా పోతూ, పక్కనున్న ఆమెతో, "ఈ పొద్దు మైకు లేదేంది?" అంది, వినబడేట్టు.

"దించేశా మేయ్," అన్నారు పాస్టరమ్మ.

ఆవిడ తిరిగి చూడలేదు.

ఆ తర్వాత చర్చి వెనక వసారాలో, రోడ్డు వైపు తెరిచి ఉన్న చోట, మూతతో ఒక డ్రమ్ము పెట్టారు. పిడికిటి బియ్యం అందులో పోస్తారు. కావలసిన వాళ్లు తీసుకోవచ్చు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం వాళ్లంతా ముందు గుమ్మం నుంచి బయటికి పోవాలి, సోమవారం దాకా వెనక వసారా వైపు ఎవరూ పోకూడదు. ఇది రాసుకున్న నియమం కాదు. పిల్లలు కూడా పాటిస్తారు. ఎవరు తీశారో ఎవరూ అడగరు. "అడక్కుండా తెలుసుకోవాల, తెలిసినాక చెప్పకూడదు," అని ఆమె ఆడపిల్లలకు నేర్పేవారు. వేట మళ్లీ మొదలైన నెలలో ఆ వసారా మేకుకు ఒక గుడ్డ మూట వేలాడింది. అందులో ఎండుచేపలు. ప్రతి ఏడూ అట్లాగే వేలాడేది.

ఏడాది దాటాక దురాయి ఎత్తేశారు. పాస్టరమ్మ మళ్లీ గొడుగుతో, సంచితో పాళెంలోకి పోయారు. అన్ని గడపలూ జవాబు చెప్పాయి, ఒక్కటి తప్ప. ఆ చేపలమ్మే ఆవిడ కొడుకుకు తర్వాత వేరే ఊరి పిల్లతో పెళ్లయింది, మనవలు పుట్టారు. అయినా ఆ గడప పలకలేదు. ఈమె మానలేదు. రోజూ ఆ ఇంటి ముందు ఒక నిమిషం నిలబడి, "ఏం కూర మేయ్?" అనేవారు. లోపల గరిటె చప్పుడు మాత్రం వినబడేది. నేను రెండుసార్లు పక్కనుండి చూశాను.

కిందటేడు నేను అక్కడికి వెళ్లినప్పుడు పాస్టరమ్మ ఆ ఎండుచేప ఒకటి చిదిమి నాలుక మీద పెట్టుకుని, "ఈ ఉప్పు ఎవురి చెయ్యో నాకు తెలుసు. చెప్పను," అన్నారు.

నాకు అర్థమైంది. "అట్లయితే మాట్లాడొచ్చు కదమ్మా ఆమె?"

"నేను అడగతానే ఉండా గదా. పలకాల్సింది ఆమె."

"పలక్కపోతే?"

"తప్పు నాది. తొందర నాకుండకూడదు."

బుధవారం భూస్థాపన. సమాధుల తోటకు పాళెం నుంచి చాలామందే వచ్చారు. పెద్దకాపు కండువా భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కొత్తగా వచ్చిన పాస్టరు వచ్చిన పెద్దల పేర్లు చదవబోతే సంఘ పెద్ద ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెట్టెను దించాక ఒక్కొక్కరూ పిడికెడు మన్ను వేసి పక్కకు తప్పుకున్నారు.

అందరూ అయ్యాక, కంచె అవతల గంప దించి నిలబడ్డ ఒకావిడ లోపలికి వచ్చింది. ఆ రోజు ఆమె అమ్మకానికి పోలేదు, గంప ఖాళీగా ఉంది. వంగి మన్ను తీసుకుంది. గుంట అంచున చాలాసేపు నిలబడింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను కాబట్టి విన్నాను.

"నెత్తళ్ల పులుసు మేయ్," అంది లోపలికి చూస్తూ. "చింతకాయేసి జేసినా."

మన్ను వేసింది. తిరగ్గానే నన్ను చూసింది. ఫొటో వేసిన మనిషినని గుర్తుపట్టింది.

"పేపరాయనా, నా పేరు ఎయ్యబాక."

వెయ్యనన్నాను. ఆమె వంగి ఇంకో పిడికెడు మన్ను తీసుకుంది. అది గుంటలో వేయలేదు. గంప అక్కడే వదిలేసి, ఆ పిడికిలి అట్లాగే బిగించి పట్టుకుని, రోడ్డు దాటి పాళెం వైపు నడిచిపోయింది.