గట్టిగా మూసిన డబ్బా

నా చిన్నప్పుడు రేడియోలో తుఫాను కబురు రాగానే మా ఊరి ఆడవాళ్ళంతా బడి అరుగు మీద చేరేవారు. వంశధార పక్క ఊరు మాది. గాలీ వానా మొదలైతే రెండు మూడు రోజులు గడప దాటలేం. అందుకని మంచం దిగలేని ముసలివాళ్ళకి పొయ్యితో పని లేని తిండి ముందే ఇంటికి చేర్చేవారు. అటుకులు, బెల్లం, పుట్నాలపొడి. బడిలో ఖాళీ అయిన పాలపొడి డబ్బాల్లో వాటిని నింపేవారు.

ఈ పని నడిపించేది మా పెద్దమ్మ. ఆ ఏడాది మూతలు మూసే పని నాకిచ్చింది. చెమ్మ తగలకూడదని నేను ఒక్కో మూత మీద మడమ పెట్టి ఎక్కి తొక్కాను. పెద్దమ్మ ఒక డబ్బా తలకిందులు చేసి చూసి, ఇలా ఉండాలి అని అందరి ముందూ మెచ్చుకుంది. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఊరి బయట గెడ్డ, అంటే వాగు, దాటితే ఒకే ఒక్క ఇల్లు, చివరింటి మామ్మది. మిట్ట మీద ఇల్లు కాబట్టి నీళ్ళు ఎక్కవు. ఆవిడకి ఎవరూ లేరు. కీళ్ళవాతంతో చేతి వేళ్ళన్నీ లోపలికి ముడుచుకుపోయాయి. రోజూ ఎవరో ఒకరు గంజి పట్టుకెళ్ళి పోసి వచ్చేవారు. ఆ సాయంత్రం డబ్బా నేను పట్టుకెళ్ళాను. మామ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒసే, మూత ఓపాలి తీసి సూపించి ఎల్లవే" అంది.

"ఇప్పుడు తీస్తే సెమ్మ తగిలిపోతాది మామ్మా" అని పెద్దదానిలా చెప్పి, చినుకులు పడుతున్నాయని పరుగెత్తుకొచ్చేశాను. మెప్పు పొందిన మూత కదా, తీయడానికి మనసు రాలేదు. అదీ అసలు సంగతి.

గెడ్డ నాలుగు రోజులు పొంగింది. ఊళ్ళో ముసలివాళ్ళకి పక్కింటివాళ్ళు మూతలు తీసి పెట్టారట. ఐదో రోజు పొద్దున్నే పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని నడుము లోతు నీళ్ళలో గెడ్డ దాటింది. మామ్మ రోలు పక్కన నేల మీద పడి ఉంది. డబ్బా అంతా సొట్టలు. రోలుకేసి కొట్టినట్టుంది. మూత అంచున ఎండిన నెత్తురు, ఆవిడ గోళ్ళలోనూ అదే. మూత మాత్రం ఊడలేదు. పెద్దమ్మ అట్లకాడతో దాన్ని పెకలించి, అటుకులు నానబెట్టి నోట్లో పెట్టింది. రెండు ముద్దలు మింగింది మామ్మ. చీకటి పడకుండానే పోయింది.

వయసైపోయింది, చలికి పోయింది అన్నారు ఊళ్ళోవాళ్ళు. అలా అనుకోవడం అందరికీ సుఖంగా ఉంది. డబ్బా సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పెద్దమ్మ పాతచీర చింపి నా రెండు చేతుల వేళ్ళూ మడిచి పిడికిలిగా చుట్టేసింది. నేను మూసినదే ఇంకో డబ్బా నా ముందు పెట్టి తియ్యమంది. మోచేతులతో, పళ్ళతో, నేలకేసి కొట్టి చూశాను. రాలేదు. ఏడ్చాను. ఊరుకోమని ఆవిడ అనలేదు. నా కట్లు విప్పి, తన చేతులు కూడా నా చేత కట్టించుకుని తనూ ప్రయత్నించింది. తనకీ రాలేదు.

"నువ్వు మూసినావు. నాను మెచ్చుకున్నాను" అంది, నా మొహం చూడకుండా. ఆ తర్వాత ఆవిడ నింపించిన ప్రతి డబ్బాకీ మూత బదులు గుడ్డ కప్పి, లాగితే ఊడే ముడి వేయించింది. మామ్మకి ఆ ముడి అందలేదు.

ఇప్పుడు నా వేళ్ళు కూడా ముడుచుకుపోయాయి. గడప దాటి చాలా కాలమైంది. మొన్న తుఫాను హెచ్చరిక వస్తే, వాలంటీర్లమంటూ వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి ప్లాస్టిక్ డబ్బాలో అటుకులు తెచ్చింది. చుట్టూ నాలుగు వరసల టేపు. చుక్క నీరు పోదని మురిసిపోతూ చెప్పింది. తీసి పెట్టమన్నాను. ఇప్పుడే తీస్తే మెత్తబడిపోతాయి మామ్మా అంది.

ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, తీసే దాకా వదల్లేదు. చాదస్తపు ముసలిదనుకుని వెళ్ళిపోయి ఉంటుంది. అనుకోనీ. మెత్తబడిన అటుకులు ఎన్నాళ్ళయినా తింటాను. మూసిన మూత ముందు మాత్రం కూర్చోలేను.