నేను చంపేసిన కోరపల్లాయన

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక, పోదనూరు రైల్వే కాలనీలో మా క్వార్టర్ వెనక వరండాలోకి ఒక రత్తకాట్టేరి వచ్చేవాడు.

భయపడకండి... పుస్తకంలోంచే. ఇంగ్లీషులో వాంపైర్ అంటారే, వాడే. ఎన్నో తరాలుగా తమిళనాట ఉన్న మా ఇంటి తెలుగులో రక్తం తాగేవాడికి మాట లేకపోయింది. పక్కింటి నుంచి చక్కెర తెచ్చుకున్నట్టు తమిళం మాటే తెచ్చుకున్నాం. (తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.)

ఆ పుస్తకాలు నాన్న ఉక్కడంలోని పాత పుస్తకాల కొట్టు నుంచి తెచ్చేవారు. ఒక పెద్ద సీరీస్. ఎక్కడో మంచు కురిసే ఊళ్లో హత్యలు, వాటిని విచారించే ఒక పోలీసమ్మ, ఆమెకి సాయం చేసే రత్తకాట్టేరి. నా ఇంగ్లీషు బాగుపడుతుందని నాన్న ఆశ. అది బాగుపడిందో లేదో గానీ, మా చిన్నమ్మకి మాత్రం ప్రాణం లేచొచ్చింది.

చిన్నమ్మ అంటే అమ్మ చెల్లెలు. ముప్పై దాటినా పెళ్లి చేసుకోలేదు. ఏ సంబంధం వచ్చినా "సుమ్మా ఉండక్కా" అని, అంటే ఊరికే ఉండమని, అమ్మ నోరు మూయించేది. మాతోనే ఉంటూ కాలనీ ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. చదివింది తమిళంలో ఐదో తరగతి. నేను ఇంగ్లీషు పేజీ చదువుకుని ఇంటి తెలుగులో చెప్తుంటే, ఆవిడ మిషన్ తొక్కుతూ వినేది. నేను ఆగితే "అప్పరం?" అనేది... తర్వాత ఏమైందని.

హంతకుణ్ణి సగం పుస్తకంలోనే పట్టేసేది. "ఆ పూలకొట్టాయన చేతులు చూస్తివా కన్నూ? గ్లౌజు తీయనే తీయడు. వాడే," అనేది. వాడే అయ్యేవాడు. మా చిన్నమ్మ ముందు ఆ పోలీసమ్మ ఏపాటి...

నాలుగో పుస్తకానికి వచ్చేసరికి కథ దారి మళ్లింది. శవాలు తగ్గాయి... చూపులు పెరిగాయి. పోలీసమ్మా, రత్తకాట్టేరీ వంతెన మీద పక్కపక్కన నిలబడితే పది పేజీలు. నాకు పదమూడేళ్లు. అవన్నీ చిన్నమ్మకి చెప్పాలంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. గుట్టుగా రెండేసి పేజీలు దాటించేదాన్ని. మిషన్ ఆగిపోయేది.

"ఏం కన్నూ, పేజీలు బిరబిరా తిరగతా ఉండాయి?"

"ఏమీ లే చిన్నమ్మా. సుమ్మా మాట్లాడుకుంటా ఉండారు."

"ఆ మాటలే చెప్పు."

తల ఎత్తకుండా చెప్పాను. అప్పటిదాకా వాడు ఆవిడకి "కోరపల్లోడు". ఆ ఆదివారం నుంచి "కోరపల్లాయన" అయ్యాడు.

సరిగ్గా అప్పుడే చిన్నమనూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. ద్రాక్షతోట ఉన్నాయన, భార్య పోయి కొన్నేళ్లయింది. వచ్చి, కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ కుట్టుమిషన్ వైపు చూసి "దీన్నీ తెచ్చుకోవచ్చు" అన్నాడు. ఆయన మాట్లాడింది అంతే. చిన్నమ్మ మొదటిసారి వద్దనలేదు. "ఈ ఆదివారం దాకా ఆగక్కా," అంది. ఆ ఆదివారంతో నాలుగో పుస్తకం అయిపోతుంది.

నా జడ ఎవరు వేస్తారు... నేను చెప్పే కథ ఎవరు వింటారు... ఆ పుస్తకంలోని ప్రేమే చిన్నమ్మని మార్చేసిందని నా పిల్లబుర్రకి తోచింది.

అందుకని ఆ ఆదివారం ఆయన్ని చంపేశాను.

పుస్తకంలో అలా లేదు. నా అంతట నేనే కల్పించి చెప్పాను... ఎండ తగిలింది, పోలీసమ్మ కళ్లముందే బూడిదైపోయాడు, కథ అయిపోయింది అని.

మిషన్ ఆగింది. చిన్నమ్మ దారం తెంపింది. "పావం ఆ పిల్ల. ఇన్నినాళ్లకి ఒకరి పక్కన నిలబడే ధైర్యం వచ్చె దానికి. అదీ పాయె," అంది. సాయంత్రం వంటింట్లో అమ్మతో చెప్తుంటే విన్నాను. "వద్దక్కా. రేపు బావను ఫోన్ చేసి చెప్పేయమను."

నేను కోరుకున్నదే జరిగింది... అయినా చిన్నమ్మ ముఖం చూడలేకపోయాను. మర్నాడు పొద్దున నాన్న ఫోన్ బూత్‌కి వెళ్లడానికి చొక్కా వేసుకుంటున్నారు. పుస్తకం పట్టుకుని వరండాలోకి పరుగెత్తాను.

"ఆయన చావలేదు చిన్నమ్మా. నేనే చంపినా."

"ఎందుకు కన్నూ?"

"నువ్వు పోతావని."

తిట్టలేదు. నన్ను మిషన్ పక్కన కూచోబెట్టుకుని "ఉన్నది ఉన్నట్టు చదువు" అంది. చదివాను. ఒక్క పేజీ కూడా దాటించలేదు. పోలీసమ్మ తనకి భయంగా ఉందంటుంది. ఆయనా తనకీ భయమేనంటాడు. ఇద్దరూ ఆ భయంతోనే వంతెన దాటి ఇంటికి వెళ్తారు.

చిన్నమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది. "మున్నూరేండ్లు బతికినాయనకే భయమంట. నాకుంటే తప్పేమి?" అంది. ఇంట్లోకి చూసి, "అక్కా, బావను ఆగమను" అని కేకేసింది.

పెళ్లి చేసుకుని, మిషన్‌తో సహా చిన్నమనూరు వెళ్లిపోయింది. ఆ రోజు నా జడ నేనే వంకరగా వేసుకుని, అద్దంలో చూసుకుని ఏడ్చాను.

ఆ సీరీస్ ఇప్పటికీ వస్తూనే ఉంది. హత్యలు ఎప్పుడో మాయమయ్యాయి... ఇప్పుడంతా ప్రేమ, అలకలు, మళ్లీ ప్రేమ. మొదట్లో ఉన్న పస పోయిందని పాత అభిమానులు నెట్‌లో గొణుగుతుంటారు. నేను నోరెత్తను. అలా దారి మళ్లబట్టే కదా, మా చిన్నమ్మ వంతెన దాటింది.

ఈ రోజుల్లో ఎవరి కథ వాళ్ల చెవుల్లోనే... మొన్న కొత్త పుస్తకం వస్తే, ఫోనే తమిళంలో చదివి వినిపించేలా పెట్టి చిన్నమ్మకి పంపాను. పది నిమిషాలకే ఫోన్ చేసింది. "నేను మిషన్ ఆపినా ఇది ఆగదే కన్నూ. దానిపాటికది చదవతా పోతాది. నువ్వే చెప్పు," అంది.

మీరు ఎవరికి కథ చెప్పేవాళ్లో, మీకోసం చేతిలో పని ఆపి ఎవరు వినేవాళ్లో కింద రాయండి... తీరిగ్గా చదువుకుంటాను. ఇప్పుడు మాత్రం చిన్నమ్మ లైన్లో ఉంది. మొదలుపెట్టే ముందు ఎప్పుడూ అడిగేదే మళ్లీ అడుగుతోంది...

"ఈ తడవ ఎవరినీ చంపలేదు కదా కన్నూ?"